ఆరెకరాల్లో గుర్రాల ఫారమా, ప్లాట్లా?

ఉత్తరం: "డాక్టర్ గారూ, నమస్తే. మాది చేవెళ్ల దగ్గర ఊరు. నేను సిటీలో ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్ళో నాన్న పేరు మీద ఆరెకరాల ఎర్రనేల, ఒక బోరు ఉన్నాయి. పత్తి, మక్క వేసి వేసి విసిగిపోయాం. చుట్టూ అన్నీ వెంచర్లే, భూమి అమ్ముతారా అని రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తున్నారు. నా ఫ్రెండ్ గుర్రాల ఫారం, రైడింగ్ స్కూలు పెడదామంటున్నాడు. అమెరికాలో ఈ రంగం విలువ 177 బిలియన్ డాలర్లట, పర్యావరణానికి కూడా మంచిదట. రేసుల నుంచి రిటైరైన నాలుగు గుర్రాలు దాదాపు ఊరికే దొరుకుతాయట. నాన్నేమో 'ఈ కాలంలో గుర్రాలు ఎవరికి కావాలిరా' అంటున్నారు. నాకు మాత్రం భూమి అమ్మాలని లేదు. ఏం చెయ్యమంటారు?"

సమాధానం:

తమ్ముడూ, ముందే చెప్పేస్తాను. భూమి అమ్మొద్దు, ఆ నాలుగు గుర్రాల్నీ ఇప్పుడే తెచ్చుకోవద్దు. గుర్రాల మీద డబ్బు వస్తుంది, నేలకు మేలు కూడా జరుగుతుంది, రెండూ నిజమే, కానీ ఆ డబ్బు, ఆ మేలు మీ ఫ్రెండ్ అనుకుంటున్న చోట లేవు. గుర్రాన్ని కొన్నవాడి కంటే దానికి మేత పండించేవాడు, లద్దెను ఎరువు చేసుకునేవాడు, నెలకింత అని తీసుకుని వేరేవాళ్ళ గుర్రాన్ని తన షెడ్డులో చూసుకునేవాడు నిలదొక్కుకుంటారు. పశువైద్యుడిగా నేను చూసిన ఫారాల్లో మూతపడ్డవి దాదాపు అన్నీ ముందు గుర్రాల్ని తెచ్చుకుని, తర్వాత మేత కోసం వెతికినవే.

ఆ 177 బిలియన్ల సంగతి. అంకె తప్పు కాదు. అక్కడి గుర్రాల రంగం వాళ్ళ సంఘం, అమెరికన్ హార్స్ కౌన్సిల్, చేయించిన 2023 అధ్యయనంలో ఉన్నదే అది. అక్కడ 66 లక్షల పైచిలుకు గుర్రాలున్నాయి, మొత్తం 22 లక్షల ఉద్యోగాలు వాటితో ముడిపడి ఉన్నాయని లెక్క కట్టారు. కానీ నేరుగా ఈ రంగంలో తిరిగే డబ్బు అందులో దాదాపు 74 బిలియన్లు. మిగతాది, ఇక్కడ జీతం తీసుకున్నవాడు కిరాణా కొట్లో ఖర్చు పెట్టడం, ఆ కొట్టువాడు ఇంకో చోట ఖర్చు పెట్టడం, అలా గొలుసుకట్టుగా వచ్చే విలువ. మన దగ్గర 2012లో 6.25 లక్షలున్న గుర్రాలు, పోనీలు 2019 పశుగణన నాటికి 3.4 లక్షలకు పడిపోయాయి. ఏడేళ్ళలో దాదాపు సగం పోయాయి. టాంగాలు పోయాయి, బరువులు మోసే పని ఆటోలకి పోయింది. పాడేరు వైపు ఏజెన్సీలో రోడ్డు సరిగా లేని గూడేల వాళ్ళు ఇప్పటికీ సంత సరుకులు గుర్రాల మీద వేసుకుని ఎక్కుతారు గానీ మైదానంలో ఆ పని ఇక లేదు. కాబట్టి అమెరికా అంకెను చూసి మన దగ్గర గిరాకీ ఎంతుందో ఊహించుకోవద్దు.

అయితే ఆ అంకె వెనక ఒక విషయం మాత్రం మనకు పనికొస్తుంది. గుర్రం మీద పెట్టే ఖర్చులో చాలా భాగం ఊళ్ళోనే ఉండిపోతుంది. గడ్డి దూరం నుంచి తెస్తే కిరాయికే పోతుంది కాబట్టి చుట్టుపక్కల రైతుల దగ్గరే కొనాలి. నాడాలు కొట్టే నాల్‌బంద్ ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి రావాల్సిందే. నాలుగు గుర్రాలకు కనీసం ఒక సైస్ (గుర్రాల్ని చూసుకునే మనిషి) ఉండాలి, ఆదివారం లేదు, పండగ లేదు. జీను కుట్టేవాడు, షెడ్డు కట్టే వడ్రంగి, మా లాంటి డాక్టర్లు, వీళ్ళందరికీ పని ఉంటుంది. ఎకరా పత్తి ఏడాదిలో కొన్ని వారాలే కూలి ఇస్తుంది, గుర్రాల కొట్టం 365 రోజులూ ఇస్తుంది. ఊరికి జరిగే ఆర్థిక మేలు ఇదే, దీన్ని నేను చిన్నదిగా చూడను.

ఇక పర్యావరణం. ఇక్కడ మీకు ఒక ఊరి గురించి చెప్పాలి. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో లెక్సింగ్టన్ అని ఉంది, రేసు గుర్రాల పెంపకానికి ప్రపంచంలోనే పేరున్న చోటు. సున్నపురాయి నేల, మంచి గడ్డి. ఆ ఊరు పెరుగుతుంటే గుర్రాల ఫారాలు ప్లాట్లుగా మారిపోతాయని భయపడి, 1958లోనే నగరం చుట్టూ ఒక గీత గీశారు. డ్రైనేజీ, నీళ్ళ లైన్లు ఆ గీత దాటి వెళ్ళవని, ఇళ్ళ కట్టడం గీత లోపలే అని పెట్టుకున్నారు. అమెరికాలో అలాంటి గీత గీసిన మొదటి నగరం అదే. తర్వాత 2000లో ఇంకో అడుగు వేశారు. భూమి కాదు, ఆ భూమిని ప్లాట్లు చేసుకునే హక్కును మాత్రం ప్రభుత్వం డబ్బిచ్చి కొంటుంది. రైతు భూమి రైతు దగ్గరే ఉంటుంది, సాగు చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, కానీ ఎవరు కొన్నా దాన్ని వెంచర్ చెయ్యడానికి వీల్లేదు. అలా ఇప్పటిదాకా 30 వేల ఎకరాలకు పైగా కాపాడారు. గుర్రాల వల్ల పర్యావరణానికి జరిగే అతి పెద్ద మేలు ఇదేనని నా అభిప్రాయం. గుర్రానికి నేల కావాలి, కాబట్టి నేల నేలగా మిగులుతుంది. వాన నీరు ఇంకుతుంది, చెట్లు ఉంటాయి, పిట్టలు ఉంటాయి.

మీ ఊరి సంగతి దీనికి చాలా దగ్గర. 1908 మూసీ వరదల తర్వాత మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. ఆ రెండు చెరువులకు నీరిచ్చే నేల పాడవకూడదనే 1996లో జీవో 111 వచ్చింది, పది కిలోమీటర్ల పరిధిలో 84 ఊళ్ళ మీద ఆంక్షలు పెట్టింది. చేవెళ్ల మండలంలో కూడా ఆ జాబితాలోని ఊళ్ళున్నాయి. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ జీవో 69 ఇచ్చారు. మీ ఊరు ఆ 84లో ఉన్నా లేకపోయినా, మీ పొలంలో పడిన వాన ఎటు పోతుందో ఒకసారి చూసుకోండి. మీరు భూమిని అమ్మకుండా పచ్చగా ఉంచితే దాని వల్ల లాభపడేది కింద ఉన్న చెరువు, ఆ నీళ్ళు తాగే సిటీ. కానీ లెక్సింగ్టన్‌లో లాగా ఆ పని చేసినందుకు మీకు ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వరు. ఇది అన్యాయమే, మారాలి కూడా. మారేదాకా ఆ భూమే మీకు తిండి పెట్టేలా చేసుకోవాలి.

నీరు చెరువు వైపు పోయే ఆ పొలం వాలే మీకు ఒక బాధ్యత కూడా పెడుతుంది. 450 కిలోల గుర్రం రోజుకు లద్దె, మూత్రం కలిపి 20 నుంచి 25 కిలోలు వేస్తుంది. ఎనిమిది గుర్రాలుంటే ఏడాదికి 60 టన్నుల పైమాటే, కింద పరిచే రంపపు పొట్టు, ఊక దీనికి అదనం. దీన్ని గట్టు పక్కన కుప్ప పోసి వదిలేస్తే మొదటి పెద్ద వానకే సారమంతా కాలువలోకి, కాలువ నుంచి చెరువులోకి పోతుంది. అప్పుడు మీ ఫారం పర్యావరణానికి మేలు చేసినట్టు కాదు, ఇంకో కాలుష్యం తెచ్చినట్టు.

సరిగ్గా చేస్తే మాత్రం అది ఆరెకరాల ఎర్రనేలకు ప్రాణం. ఈ పని నేను చాలా చోట్ల చూశాను, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. లద్దెను కొట్టం నుంచి తెచ్చి, వాన నీరు చేరని ఎత్తు మీద, కింద బండలో సిమెంటో వేసి, పైన రేకుల కప్పు వేసిన చోట కుప్ప పొయ్యాలి. కుప్ప ప్రతి వైపూ కనీసం మీటరు ఉండాలి, అంతకంటే చిన్నదైతే వేడెక్కదు. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే నీరు ఎక్కువ, పొడిపొడిగా రాలితే తక్కువ. మూడో రోజుకో నాలుగో రోజుకో ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాలాగి తీసి పట్టుకోండి, చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకునేంత కాలితే లోపల 55 డిగ్రీలు దాటినట్టే. ఆ వేడి రెండు వారాలు నిలిచేలా మధ్యమధ్య తిరగెయ్యాలి. కలుపు గింజలు, పురుగుల గుడ్లు చచ్చేది ఆ వేడికే. గుర్రం ఆవులా నెమరు వెయ్యదు, గింజలు చాలా వరకు అరగకుండా బయటికొస్తాయి. వేడెక్కని గుర్రపెరువు వేసిన చేను మొత్తం కలుపు మొలుస్తుందని రైతులు అనేది అందుకే.

ఇంకో పొరపాటు, రంపపు పొట్టు కలిసిన పచ్చి ఎరువును నేరుగా చేలో వెయ్యడం. ఆ పొట్టు కుళ్ళడానికి నేలలో ఉన్న నత్రజనిని లాగేసుకుంటుంది, పైరు పచ్చబడాల్సింది పోయి పసుపెక్కుతుంది. మూడు నాలుగు నెలలు మాగనిచ్చి, నల్లగా, మట్టివాసన వచ్చాకే వెయ్యండి. మాగిన ఎరువుకు కూరగాయల రైతులు, నర్సరీల వాళ్ళు డబ్బిస్తారు. తెల్ల పుట్టగొడుగులు పెంచేవాళ్ళు కూడా అడుగుతారు, వాళ్ళ కంపోస్టుకు గుర్రపు లద్దె, గడ్డి పాతకాలం నుంచీ ఉన్న ముడిసరుకు. ఒక్క జాగ్రత్త: నులిపురుగులకు ఐవర్‌మెక్టిన్ ఇచ్చాక కొన్ని రోజుల పాటు లద్దెలో ఆ మందు ఉంటుంది, పేడపురుగుల పిల్లల్ని చంపేస్తుంది. అన్ని గుర్రాలకూ నెలనెలా అలవాటుగా పట్టించకుండా, ముందు లద్దె పరీక్ష చేయించి, అందులో పురుగుల గుడ్లు ఎక్కువున్న గుర్రానికే ఇవ్వండి. ఖర్చూ తగ్గుతుంది, మందుకు పురుగులు లొంగకుండా పోయే బెడదా తగ్గుతుంది. ఎరువుతో పనిచేసే వాళ్ళందరికీ ధనుర్వాతం టీకా తప్పనిసరి.

పశువుల కడుపులోంచి వచ్చి భూమిని వేడెక్కించే వాయువు, మీథేన్, దాని గురించి కూడా మీ ఫ్రెండ్ ఏదో చెప్పే ఉంటాడు. వాతావరణ మార్పుల మీద పనిచేసే ఐక్యరాజ్యసమితి సంఘం ఐపీసీసీ లెక్కల ప్రకారం గుర్రం కడుపు నుంచి ఏడాదికి సుమారు 18 కిలోల మీథేన్, గేదె నుంచి సుమారు 55 కిలోలు. తేడా నిజమే, నెమరు వెయ్యకపోవడమే కారణం. కానీ గేదె పాలిస్తుంది, దాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి గుర్రం గొప్పదని చెప్పుకోవడం నాకు నచ్చదు.

ఇప్పుడు అసలు విషయం, మేత. మీ ఆదాయం ముందు ఇక్కడే మొదలవ్వాలంటాను. ఒక గుర్రానికి రోజుకు 8, 9 కిలోల ఎండుమేత లెక్కన ఏడాదికి మూడు టన్నులు కావాలి. మొయినాబాద్, శంకర్‌పల్లి చుట్టుపక్కల రైడింగ్ స్కూళ్ళు, సొంత ఫారాలు ఉన్నాయి, మలక్‌పేటలో రేసు గుర్రాలున్నాయి, సిటీ పోలీసులకు గుర్రాలున్నాయి, పెళ్ళి బరాత్‌లకు తిప్పేవాళ్ళు పాతబస్తీ నిండా ఉన్నారు. వీళ్ళందరికీ రోజూ మేత కావాలి, దుమ్ము, బూజు లేని మేత దొరకడమే కష్టంగా ఉంది. గుర్రం వాంతి చేసుకోలేదు. బూజుపట్టిన గడ్డి తింటే కడుపునొప్పితో దొర్లి దొర్లి రాత్రికి రాత్రి చనిపోయే ప్రమాదం ఉంది. అందుకే మంచి మేతకు పది రూపాయలు ఎక్కువ పెట్టడానికి గుర్రం ఉన్నవాడు వెనకాడడు.

అయితే గేదెలకు వేసే మేత గుర్రాలకు వేస్తే కుదరదు, ఇక్కడే చాలామంది దెబ్బతింటున్నారు. మీ చుట్టుపక్కల అందరూ వేసే సూపర్ నేపియర్ గడ్డిలో ఆక్సలేట్లు అనే లవణాలు ఎక్కువ. గేదె కడుపులో అవి విరిగిపోతాయి, గుర్రం కడుపులో మాత్రం అవే కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. నెలల తరబడి అదే పెడితే శరీరం ఎముకల్లోంచి కాల్షియం తోడుకుంటుంది, గుర్రం ముఖం ఎముకలు ఉబ్బి, కుంటడం మొదలవుతుంది. పచ్చిజొన్న, సుడాన్ గడ్డి కూడా వద్దు. లేత జొన్నలో విషం ఉంటుందని మన రైతులందరికీ తెలుసు, గుర్రాలకు దాని వల్ల మూత్రాశయం దెబ్బతిని వెనక కాళ్ళు పట్టు తప్పే జబ్బు కూడా వస్తుంది. వరిగడ్డిలో బలం లేదు, అదే పెడితే పేగులో గడ్డకట్టి కూర్చుంటుంది. గుర్రానికి మంచివి లూసర్న్ (పప్పుజాతి పచ్చిమేత), ఓట్ల గడ్డి, రోడ్స్ గడ్డి, మన గరిక. గట్టు మీద పెరిగే గరికను తీసిపారేసే రైతు, గుర్రాల వాడి దగ్గరికెళితే అదే గరికకు డబ్బు తీసుకోవచ్చు. ఉలవలు పాతకాలంలో గుర్రాల దాణాయే, ఇప్పటికీ ఉడకబెట్టి కొంచెం పెడతారు.

మీ ఒక్క బోరుతో ఆరెకరాలూ లూసర్న్ వెయ్యొద్దు, దానికి దాహం ఎక్కువ. ఎకరన్నర చాలు. నీరు బాగా అందితే ఎకరాకు ఏడాదికి 25, 30 టన్నుల పచ్చిమేత వస్తుంది, ఎండితే అందులో ఐదో వంతు మిగులుతుంది. గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తుంది కాబట్టి యూరియా ఖర్చు బాగా తగ్గుతుంది. ఇంకో రెండెకరాలు రోడ్స్ గడ్డి పెట్టి, కోసి, తేమ 15 శాతం లోపుకు వచ్చేదాకా ఎండనిచ్చి మోపులు కట్టండి. వానాకాలంలో ఎండబెట్టడం కష్టం, ఆ నెలల్లో పచ్చిమేతగానే అమ్మాలి. పొలం చుట్టూ నీడకు వేప, కానుగ పెట్టండి. సుబాబుల్ వద్దు, అది తిన్న గుర్రానికి జూలు, తోక వెంట్రుకలు రాలిపోతాయి. గన్నేరు గనక గట్టు మీద ఉంటే ఈ రోజే పీకించండి, గుప్పెడు ఆకులు చాలు ప్రాణం తియ్యడానికి.

ఒకటి రెండేళ్ళు మేత అమ్మితే మీకు తెలియకుండానే ఇంకో పని జరుగుతుంది. గుర్రాల వాళ్ళందరూ పరిచయమవుతారు. ఎవరు నిజాయితీగా డబ్బు కడతారు, ఏ సైస్ చెయ్యి మంచిది, ఎవరి గుర్రానికి ఏ జబ్బు ఉంది, అన్నీ తెలుస్తాయి. అప్పుడు నాలుగు గదుల కొట్టం కట్టి, వేరేవాళ్ళ గుర్రాల్ని నెలకింత అని తీసుకుని చూసుకోండి. సిటీలో గుర్రం కొనుక్కుని పెట్టుకోవడానికి చోటు లేనివాళ్ళు ఉన్నారు. గుర్రం వాళ్ళది, డాక్టరు ఖర్చు వాళ్ళది, మీది చోటు, మేత, మనిషి. రాతకోతలు పక్కాగా ఉండాలి, మూడు నెలల డబ్బు ముందే తీసుకోండి. డబ్బు కట్టడం మానేసి గుర్రాన్ని మీ దగ్గర వదిలేసి పోయే యజమానులు కూడా ఉంటారు.

రైడింగ్ స్కూలు ఆ తర్వాతే. అది స్కూలు పిల్లల శనాదివారాల మీద, వేసవి సెలవుల మీద నడిచే వ్యాపారం, వానాకాలంలో, పరీక్షల నెలల్లో ఎవరూ రారు, గుర్రం మాత్రం ఆ నెలల్లోనూ అంతే తింటుంది. బరాత్‌లదీ అదే కథ, మూఢాల్లో, ఆషాఢంలో పని ఉండదు. పైగా 20 బై 40 మీటర్ల చిన్న మైదానంలో పది సెంటీమీటర్ల ఇసుక పొయ్యాలన్నా 80 ఘనపు మీటర్లు కావాలి, ఆ ఇసుక ఏ వాగులోంచి వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. దుమ్ము లేవకుండా రోజూ దానికి నీళ్ళు చల్లాలి. పర్యావరణం కోసమని మొదలుపెట్టి వాగు ఇసుక, బోరు నీరు ఇలా ఖర్చు చేస్తే లెక్క తలకిందులవుతుంది. మొదట్లో ఇసుక పొయ్యని మట్టి మైదానమే చాలు.

ఆ నాలుగు రిటైర్డ్ గుర్రాల గురించి నాకు బాధగా ఉంది, అందుకే స్పష్టంగా చెబుతున్నాను. రేసు గుర్రం రెండేళ్ళ వయసులో పరుగు మొదలుపెడుతుంది, చాలావి ఆరేడేళ్ళకే పక్కకు పోతాయి. గుర్రం పాతికేళ్ళు బతుకుతుంది. అంటే ఊరికే వస్తుందనుకున్న ఆ గుర్రాన్ని మీరు ఇంకో పద్దెనిమిదేళ్ళు పోషించాలి. కాళ్ళలో కండరాన్ని ఎముకకు కలిపే టెండన్లు దెబ్బతిని ఉండొచ్చు, పరిగెత్తడమే తెలిసిన గుర్రాన్ని పదేళ్ళ పిల్లవాడు ఎక్కడానికి తయారుచెయ్యాలంటే ఓపికున్న శిక్షకుడు నెలల తరబడి పనిచెయ్యాలి. అలా మార్చిన గుర్రాలు ఎంత మంచివవుతాయో నాకు తెలుసు. కానీ అనుభవం లేని ఇద్దరు ఫ్రెండ్స్ ఒక్కసారే నాలుగింటిని తెచ్చుకుంటే, ఏడాది తిరిగేసరికి అవి ఎముకలు తేలి ఇంకొకరికి ఊరికే పోతాయి.

ఈము పక్షులు గుర్తున్నాయి కదా. పిల్లల్ని అమ్మినవాళ్ళు బాగుపడ్డారు, పెంచినవాళ్ళకు కొనేవాడు దొరక్క, దాణా కొనలేక పక్షుల్ని వదిలేశారు. మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది రైతులు అప్పులపాలయ్యారో మీ నాన్నగారిని అడగండి. గుర్రాల్ని అమ్ముతూ "పుట్టిన పిల్లల్ని మేమే తిరిగి కొంటాం" అని ఎవరైనా ఒప్పందం పెడితే అక్కడితో మాట్లాడటం ఆపేయండి. రేసుల డబ్బు మీదా ఆశ పెట్టుకోవద్దు. 1996లో సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యంతో కూడుకున్నదని చెప్పినా, పందేల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతమైంది. ఆ రంగం మీద ఒత్తిడి బాగా ఉంది.

ప్రభుత్వ సాయం ఒకటుంది, మీ ఫ్రెండ్‌కి తెలియకపోవచ్చు. జాతీయ పశుగణ మిషన్‌లో 2024 ఫిబ్రవరిలో గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదలు, ఒంటెల్ని చేర్చారు. వ్యక్తులకు, రైతు సంఘాలకు, స్వయం సహాయక బృందాలకు పెట్టుబడిలో 50 శాతం, గరిష్ఠంగా 50 లక్షల దాకా సబ్సిడీ. కానీ అది పెంపకం కోసం పెట్టింది, రైడింగ్ స్కూలు ఖర్చులకు కూడా అందులో చోటుంటుందని ఊహించుకుని అప్పు చెయ్యకండి. డబ్బు కూడా ముందే మొత్తం చేతికి రాదు. జిల్లా పశుసంవర్ధక శాఖ ఆఫీసుకెళ్ళి మార్గదర్శకాల కాపీ తీసుకుని, కనీసం ఎన్ని పశువులుండాలి, ఏ జాతులు అన్నది చదువుకున్నాకే లెక్క వేసుకోండి. మార్వాడీ, కథియావాడీ లాంటి మన జాతులు మన ఎండకు బాగా తట్టుకుంటాయి. హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది, పెంపకం వైపు వెళ్ళాలనుకుంటే అక్కడి శిక్షణ గురించి కనుక్కోండి.

వేరేవాళ్ళ గుర్రం ఏది మీ గేటు లోపలికి వచ్చినా గ్లాండర్స్ పరీక్షలో నెగెటివ్ వచ్చిన కాగితం చూడందే రానివ్వొద్దు. ముక్కులోంచి చీము, చర్మం మీద పుళ్ళు వచ్చే ఆ జబ్బు మనుషులకూ అంటుతుంది, ప్రాణాంతకం. పాజిటివ్ వస్తే చట్ట ప్రకారం ఆ గుర్రాన్ని చంపెయ్యాల్సిందే, చుట్టుపక్కల గుర్రాల కదలికలన్నీ ఆగిపోతాయి. కొత్త గుర్రాన్ని మూడు వారాలు వేరే కొట్టంలో, వేరే తొట్టిలో పెట్టండి. కంచె ముళ్ళతీగతో వెయ్యకండి, బెదిరిన గుర్రం అందులో పడితే కుట్లు వెయ్యడానికి చోటు కూడా మిగలదు.

మీ నాన్నగారు అడిగిన ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి, గుర్రాలు ఎవరికి కావాలని. పొలంలో పాము కరిస్తే మనం ఆసుపత్రిలో ఎక్కించుకునే మందు గుర్రం నుంచే వస్తుందని ఆయనకు చెప్పండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర, ఈ నాలుగింటి విషాన్ని చాలా కొద్దికొద్దిగా గుర్రానికి ఎక్కిస్తారు, దాని రక్తంలో విరుగుడు తయారవుతుంది. రక్తం తీసి, పైన తేలే ద్రవాన్ని వేరు చేసి, ఎర్రకణాల్ని తిరిగి గుర్రానికే ఎక్కిస్తారు. ఆ ద్రవాన్ని శుద్ధి చేస్తే పాముకాటు మందు. 2000 నుంచి 2019 మధ్య మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని అంచనా, అందులో ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాల్లో మన తెలుగు నేల కూడా ఉంది. ఇప్పటికీ ఈ మందు తయారీకి మన దగ్గర గుర్రమే ఆధారం. ఈ మందు తయారుచేసే సంస్థలు హైదరాబాద్ దగ్గర కూడా ఉన్నాయి, వాళ్ళ గుర్రాలకూ రోజూ మంచి మేతే కావాలి. వాటిని సరిగా చూసుకుంటున్నారా అని అడగాల్సిన బాధ్యత మన మీద ఉంది, అది వేరే సారి రాస్తాను.

మీరు ముందు చెయ్యాల్సిన పని మట్టి పరీక్ష. ఎర్రనేలలు కొన్ని చోట్ల పులుపెక్కి ఉంటాయి, అలాంటి చోట సున్నం వెయ్యందే లూసర్న్ నిలవదు. నీరు నిలిచే చెక్కలో అసలు వెయ్యకండి. విత్తనం అక్టోబర్, నవంబర్ నెలల్లో వేసుకోవాలి, ఎకరాకు ఎనిమిది నుంచి పది కిలోలు, నత్రజని పట్టే రైజోబియం అనే బ్యాక్టీరియా పొడి విత్తనానికి పట్టించి, లోతుగా కాకుండా పైపైన. మొదటి కోత 70, 75 రోజులకు వస్తుంది, తర్వాత నెలకొకటి. ఈలోపు మీ ఫ్రెండ్‌ని మొయినాబాద్ వైపు ఏదైనా ఫారంలో నెల రోజులు పొద్దున ఐదింటికి వెళ్ళి కొట్టాలు ఊడ్చమనండి, కుదిరితే మీరూ వారానికొక రోజు వెళ్ళండి. ఆ నెల తర్వాత కూడా ఇద్దరికీ ఇదే ఇష్టం ఉంటే, మట్టి రిపోర్టు, బోరు ఎన్ని గంటలు పోస్తుందో ఆ లెక్క, పొలం వాలు ఎటుందో చేత్తో గీసిన బొమ్మ నాకు పంపండి, కొట్టం ఎక్కడ కట్టాలో, ఎరువు కుప్ప ఎక్కడ పెట్టాలో చెబుతాను.